తోయడం ఆపితే బండి ఎందుకు ఆగుతుంది? బలం, త్వరణం మీద అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం నా పని. తొమ్మిదో తరగతిలో గమన నియమాలు మొదలుపెట్టిన వారానికే "ఎఫ్ ఈక్వల్ టు ఎం ఏ" అందరికీ నోటికొచ్చేస్తుంది. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని రాసి లెక్కలు కూడా చకచకా చేసేస్తారు. కానీ ఒక బంతిని పైకి విసిరి రెండు ప్రశ్నలు అడిగితే చాలు, సూత్రం నోట్‌బుక్‌లోనే ఉందని, మనసులో వేరే నమ్మకం ఉందని తెలిసిపోతుంది. ఆ నమ్మకాల గురించే రాస్తున్నాను.

అపోహ: వస్తువు కదులుతూ ఉండాలంటే బలం పనిచేస్తూనే ఉండాలి.

మిగతా అపోహలన్నింటికీ తల్లివేరు ఇదే. పిల్లలు ఇలా నమ్మితే వాళ్లను తప్పుపట్టలేం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ కూడా ఇలాగే అనుకున్నాడు, ఆ ఆలోచన రెండు వేల ఏళ్లకు దగ్గరగా నిలిచింది. మన కళ్లకు కనిపించేదీ అదే కదా. తోయడం ఆపితే బండి ఆగుతుంది.

వాస్తవం కోసం వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వెళ్దాం. ఒక హమాలీ మిర్చి బస్తాల బండి తోస్తున్నాడు. బండి, బస్తాలు కలిపి 200 కిలోలు అనుకుందాం. ఘర్షణ 100 న్యూటన్లతో (బలాన్ని కొలిచేది న్యూటన్లలో) వెనక్కి లాగుతోంది అనుకుందాం. ఆయన 150 న్యూటన్లతో తోస్తే మిగిలేది 50. దీన్నే ఫలిత బలం అంటాం, సూత్రంలో పెట్టాల్సింది దీన్నే. చాలామంది పిల్లలు 150 పెట్టేసి మార్కులు పోగొట్టుకుంటారు. 50ని 200తో భాగిస్తే త్వరణం 0.25 వస్తుంది. అంటే ప్రతి సెకనుకూ బండి వేగం సెకనుకు 0.25 మీటర్ల చొప్పున పెరుగుతుంది. నాలుగు సెకన్లు గడిచేసరికి సెకనుకు ఒక మీటరు అవుతుంది. మెల్లగా నడిచే మనిషి వేగం అది, ఆయనకు అంతకంటే అక్కర్లేదు. అప్పుడు తోపును 100 న్యూటన్లకు తగ్గిస్తాడు. ముందుకు 100, వెనక్కి 100, ఫలిత బలం సున్నా. బండి మాత్రం అదే వేగంతో పోతూనే ఉంటుంది!

ఇప్పుడు ఆయన చేతులు తీసేశాడు. బండి ఆగేది బలం లేక కాదు, బలం ఉండబట్టే. 100 న్యూటన్ల ఘర్షణకు ఎదురు లేకుండా పోయింది. 100ని 200తో భాగిస్తే 0.5, సరిగ్గా రెండు సెకన్లలో బండి నిలుస్తుంది. ఘర్షణే లేకపోతే ఆగాల్సిన పనే లేదు. 1687లో న్యూటన్ తన ప్రిన్సిపియా అనే పుస్తకంలో చెప్పిన రెండో నియమం సారం ఇదే: బలం తెచ్చేది కదలికను కాదు, కదలికలో మార్పును.

అపోహ: వేగం ఎక్కువుంటే ఫలిత బలం కూడా ఎక్కువుంటుంది.

కాజీపేట దాటాక తిన్నటి పట్టాల మీద గంటకు 100 కిలోమీటర్ల స్థిరమైన వేగంతో రైలు పోతుంటే చేతిలో చాయ్ కప్పు తొణకదు. ఇంజిన్ లాగుడు, గాలి నిరోధం, ఘర్షణ సరిపోయాయి, ఫలిత బలం సున్నా. అదే రైలు ప్లాట్‌ఫారం మీద మెల్లగా కదలడం మొదలుపెట్టినప్పుడు ఫలిత బలం ఉంటుంది. ద్రవ్యరాశి పాత్ర కూడా అక్కడే కనిపిస్తుంది. ఖాళీ గూడ్సు తొందరగా వేగం అందుకుంటుంది. బొగ్గు నింపిన గూడ్సు అదే ఇంజిన్‌తో ఎంతసేపటికోగానీ అందుకోదు.

అపోహ: పైకి విసిరిన బంతికి శిఖరం దగ్గర త్వరణం సున్నా.

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. "సార్, ఆగింది కదా, ఇంకెక్కడి త్వరణం?" అంటారు. నేను తిరిగి అడుగుతాను: వేగం సున్నా, త్వరణమూ సున్నా అయితే ఆ బంతి ఎప్పుడు కిందకి దిగుతుంది? క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. అక్కడ త్వరణం సున్నా అయితే బంతి గాల్లోనే ఉండిపోవాలి. పైకి పోయేటప్పుడు, శిఖరం దగ్గర, దిగేటప్పుడు, గాలిని లెక్కలోకి తీసుకోకపోతే, త్వరణం కిందివైపే 9.8, అంటే ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున మారుతుంది. చెయ్యి ఇచ్చిన బలం బంతిలో దాగి ఉండదు. చెయ్యి విడిచిన క్షణంతోనే అది అయిపోయింది.

అపోహ: బరువైనది ముందు పడుతుంది.

పది కిలోల రాయిని భూమి 98 న్యూటన్లతో లాగుతుంది, కిలో రాయిని 9.8తో. అయితే పది కిలోల రాయిని కదిలించడమూ పదింతలు కష్టమే. రెండింట్లోనూ బలాన్ని ద్రవ్యరాశితో భాగించండి, 9.8 వస్తుంది. కాగితం ఆలస్యంగా పడేది గాలి వల్ల. నమ్మకం కుదరకపోతే నోట్‌బుక్ మీద దానికన్నా చిన్న కాగితం ముక్క పెట్టి వదలండి, రెండూ కలిసే పడతాయి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి.

చంద్రుడి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 25 కిలోల బియ్యం బస్తా అక్కడా 25 కిలోలే. ఇక్కడ దాని భారం 245 న్యూటన్లు, అక్కడ సుమారు 40. ద్రవ్యరాశి మారదు, భారం మారుతుంది.

అపోహ: కారులో పాపను ఒడిలో గట్టిగా పట్టుకుంటే చాలు.

దీన్ని ఫిజిక్స్ ప్రశ్న అని ఎవరూ అనుకోరు, అదే నా బాధ. హైదరాబాద్ రోడ్డు మీద కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో పోతోంది. దేనికో గుద్దుకుని 0.1 సెకనులో ఆగింది. త్వరణం 150, వెనక్కి. పాప ద్రవ్యరాశి పది కిలోలు. పాపను కారుతో పాటే ఆపాలంటే 1500 న్యూటన్ల బలం కావాలి, ఆరు బియ్యం బస్తాలను ఎత్తి పట్టుకున్నంత. ఏ తల్లి చేతులైనా, ఎంత ప్రేమున్న చేతులైనా, ఆ బలం ఇవ్వలేవు. చైల్డ్ సీటు పాపను కారుకే కట్టిపడేసి ఆ బలాన్ని పట్టీల ద్వారా ఒళ్లంతా పంచుతుంది. ఆగే సమయం రెట్టింపైతే బలం సగమవుతుంది, అందుకే ఆ పట్టీలు కాస్త సాగినా మేలే.

ఈ లెక్క చేయించిన రోజు హోంవర్క్ వేరే ఇవ్వను. ఇంటికెళ్లి అమ్మానాన్నల ముందు కూర్చుని ఇదే లెక్క చేసి చూపించమంటాను. మర్నాడు అటెండెన్స్ తీసుకునేటప్పుడు పేరు పేరునా అడుగుతాను, చూపించారా అని.