పాటిగడ్డల కింది బౌద్ధ నగరాలు: అపోహలు – వాస్తవాలు

హన్మకొండ నుంచి పెద్దపల్లి, జగిత్యాల దిక్కు పాత బౌద్ధ స్థలాలు చూపించడం నా పని. పాటిగడ్డ అంటే పాత ఊరు కూలి మిగిలిన మట్టిదిబ్బ. వేయిస్తంభాల గుడి, రామప్ప చూసిన కళ్లతోనే చాలామంది పెద్దపల్లి జిల్లాలోని శాతవాహనుల కాలపు పాటిగడ్డ ధూళికట్టకు వస్తారు. బండి దిగి చుట్టూ ఒకసారి చూసి ‘ఇంతేనా?’ అంటారు. దారి పొడుగునా వినే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నా.

‘రాజనగరం అంటే కోట ద్వారాలు, రాతి స్తంభాలు ఉండాలి కదా!’

అవి కాకతీయులవి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ధూళికట్ట అంతకు వెయ్యేళ్లకు పైగా ముందటిది. అప్పటి కట్టడం మట్టితో, ఇటుకతో. హుస్సేన్‌మియా వాగు పక్కన మట్టికోట, లోపల ఇటుక భవనాలు, ధాన్యం కొట్లు, బావులు ఉన్నాయని 1970లలో జరిగిన తవ్వకాల్లో తేలింది. తవ్విన గోతిని అట్లే వదిలేస్తే పాత ఇటుక రెండు మూడు వానలకే పొడి అవుతుంది. అందుకే ఇలాంటి చోట్ల చాలా భాగం మళ్లీ పూడ్చేస్తారు.

మరి చూసేదేమిటి? నేల చూడాలి. చదునుగా పోతున్న చెలక ఒక్కసారిగా ఎత్తు లేస్తే అక్కడ ఆగండి. మన్ను బూడిద రంగుకు తిరిగిందంటే వందల ఏళ్లు పొయ్యిలు మండిన జాగా అయివుండొచ్చు. కాలి కింద పెంకులు వస్తాయి. బయట ఎరుపు, లోపల నలుపు ఉన్న పెంకు దొరికితే కుండ పాతకాలపుదని అర్థం. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి అందక నల్లబడుతుంది, మంట తగిలిన బయటి వైపు ఎర్రబడుతుంది. ఇటుక ముక్కను కూడా తేలిగ్గా పోల్చుకోవచ్చు. శాతవాహనుల కాలపు ఇటుక మన ఇటుకకు రెండింతలు పొడుగు. ఇది తెలిశాక అదే గడ్డ మీద గంటసేపు తిరిగినా విసుగు రాదు. తెలియకుంటే పది నిమిషాలకే ఫోన్లు బయటికొస్తాయి.

‘స్తూపం లోపల నిధి ఉంటుంది.’

నాకు బాగా కోపం తెప్పించే మాట ఇది. స్తూపం గుడి కాదు, లోపల గది ఉండదు. మట్టి, ఇటుక నింపి కట్టిన గట్టి దిబ్బ అది. దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు, లోపలికి పోరు. గర్భంలో ఏమన్నా పెడితే ధాతువులు పెడతారు, అంటే చిన్న భరిణెలో ఎముక ముక్కో, బూడిదో. గుప్తనిధుల పిచ్చితో నడుమ గొయ్యి తీసినవాడికి ఏమీ దక్కదు, పొరలు మాత్రం కలిసిపోతాయి. ఏ పొర ముందుది, ఏది తర్వాతది అని చెప్పే ఆధారం పోయిందంటే ఇక దాన్ని తిరిగి పేర్చడం ఎవరితోనూ కాదు.

‘పడగల కింద ఎవరున్నా బుద్ధుడే.’

హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద రాతిలో చెక్కినవి జైన తీర్థంకరుల బొమ్మలు. పాము పడగల కింద దిగంబరంగా నిలబడ్డది పార్శ్వనాథుడు. ధూళికట్ట స్తూపపు సున్నపురాతి ఫలకాల మీద కూడా పడగలు విప్పిన నాగు ఉంటుంది, ఈయన ముచిలిందుడు. జ్ఞానోదయం తర్వాత వానలో బుద్ధుడికి పడగ పట్టిన నాగరాజు. ఇక్కడ ఇంకో విశేషం ఉంది. ఈ ఫలకాల కాలానికి బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కే అలవాటు లేదు. పాదాలు, ఆసనం లాంటి గుర్తులతోనే ఆయన ఉన్నట్టు చూపేవారు. విగ్రహం కోసం వెతికితే నిరాశే మిగులుతుంది.

‘రాజులు బౌద్ధులు, అందుకే స్తూపాలు కట్టారు.’

శాతవాహనులు వైదిక యజ్ఞాలు చేసినవాళ్లు. మహారాష్ట్రలోని నానేఘాట్ కనుమలో ఉన్న వాళ్ల శాసనంలో అశ్వమేధం, రాజసూయం ఉన్నాయి. అదే వంశం నాసిక్‌లో భిక్షువులకు గుహలు, భూములు ఇచ్చింది. ఇక్కడి స్తూపాల వెనక వర్తకులు, గృహస్థులు, ఆడవాళ్లు, భిక్షువులు ఇచ్చిన దానాలున్నాయి. ఫలకాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. నాకైతే యుద్ధాల కథ కంటే ఒక్కో రాయికి ఒక్కో దాత ఉన్నాడన్న సంగతే ముచ్చటేస్తుంది.

‘మెగస్తనీసు చెప్పిన ముప్పై కోటల్లో ధూళికట్ట ఒకటి.’

మెగస్తనీసు మౌర్యుల కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి. బోర్డుల మీద, ఉపన్యాసాల్లో బాగా తిరిగే మాట ఇది. ఆంధ్రులకు ముప్పై ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, రెండువేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాసింది రోమన్ రచయిత ప్లినీ. ఆ సమాచారం మెగస్తనీసుదే అని పండితులు అనుకుంటారు. అయితే అందులో ఆ ముప్పై ఊళ్ల పేర్లు లేవు. ధూళికట్ట వాటిలో ఒకటి కావచ్చు అన్నంతవరకు సరే.

జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల సంగతీ అంతే. అక్కడ గోదావరి, పెద్దవాగు కలిసే చోట శాతవాహన మూలపురుషుడు చిముకుడి నాణేలు దొరికాయి. గోబద, నారన, సమగోప లాంటి, వేరే ఆధారాల్లో కనపడని పేర్ల నాణేలూ దొరికాయి. ‘శాతవాహనుల తొలి రాజధాని’ అనే వాదనకు బలం అదే. ఆ వాదన గట్టిదే, కానీ తేలిపోయిన విషయం కాదు. తొలి రాజధాని మహారాష్ట్రలోని పైఠాన్ అని చెప్పేవాళ్లూ ఉన్నారు.

‘బుద్ధుడు ఇక్కడికి వచ్చాడు.’

రాలేదు. సుత్తనిపాతం అనే పాలి బౌద్ధ గ్రంథం ప్రకారం గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఉన్న బావరి అనే బ్రాహ్మణుడు పదహారు మంది శిష్యులను ఉత్తరాదికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి మీదుగా మగధ చేరి బుద్ధుణ్ని ప్రశ్నలు అడిగారు. పింగియుడు అనే ముసలి శిష్యుడు తిరిగొచ్చి బావరికి విన్నదంతా చెప్పాడు. ఆ ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి లంకలో ఉండేదన్నది కొందరి అభిప్రాయం. నడిచి వచ్చింది బుద్ధుడు కాదు, ఆయన మాట.

‘దండయాత్రల్లో పాడైపోయాయి.’

ఏ సైన్యం దాకానో పోనక్కర్లేదు. పాత ఊరి దిబ్బల్లోని మన్ను ఎరువుగా పనికొస్తుందని తరతరాలుగా బండ్లకెత్తి పొలాల్లో పోశారు. అదే పాటిమన్ను. తయారుగా ఉన్న ఇటుక ఇళ్లకు పోయింది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నీళ్లు కోటిలింగాలలో కొంత భాగాన్ని ముంచాయి. రైతును తప్పుపట్టి లాభం లేదు, పంట కావాలి.

‘ఒక్క పెంకు తీసుకుంటే ఏమైతది?’ అనేవాళ్లకు: పెంకు ఎక్కడ పడి ఉందన్నదే దాని విలువ. నాణెం దొరికితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయలకు మించిన విలువ ఉంటే కలెక్టర్‌కు చెప్పాలి.

పోయే క్రమం: ముందు కరీంనగర్ మ్యూజియం, తర్వాత ధూళికట్ట, చివర కోటిలింగాల. మ్యూజియంలో వస్తువులు చూడకుండా గడ్డ ఎక్కితే సగం చూసినట్టే. కాజీపేట నుంచి రైల్లో వస్తే పెద్దపల్లిలో దిగి ఆటోనో కారో మాట్లాడుకోవాలి. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరిగి నేల కనపడదు. జనవరి, ఫిబ్రవరి మంచివి, శివరాత్రి రోజు ఒక్కటి వదిలేయండి. ఆ రోజు కోటిలింగాలలోని కోటేశ్వరస్వామి గుడికి వచ్చే జనంలో గడ్డ చూడడం కుదరదు. చేన్లో పంట ఉంటే రైతును అడిగి గట్టు మీద నడవండి.