రెండు కుప్పలు, ఒక చెంబు

బొబ్బిలి దగ్గర ఒక బడిలో సైన్సు క్లబ్బు పెడుతున్నారంటే చూద్దామని వెళ్ళాను. ప్రెసిడెంటు ఎన్నిక. చేతులెత్తమన్నారు. పిల్లలు ముందు మాస్టారి మొహం చూశారు, ఆ తర్వాత చేతులెత్తారు. బయటికొచ్చాక తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతి అడిగింది: "పెద్ద సైంటిస్టులు కూడా ఇలాగే ఎన్నుకుంటారేటండీ?"

1660 నవంబరు 28న లండన్‌లో గ్రెషమ్ కాలేజీలో, ఖగోళశాస్త్రం చెప్పే క్రిస్టఫర్ రెన్ పాఠం అయ్యాక, పన్నెండు మంది కూర్చుని ఒక సంఘం పెడదామనుకున్నారు. అదే రాయల్ సొసైటీ, ఇంగ్లండు సైంటిస్టుల సంఘం. చేరడానికి పది షిల్లింగులు, వారానికో షిల్లింగు చందా. రాజుగారి సన్నదు, అంటే అధికార పత్రం, 1662లో వచ్చింది. ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది వేరే: సన్నదు కంటే ముందే, 1660 డిసెంబరులోనే, కొత్త సభ్యుణ్ణి ఎలా చేర్చుకోవాలో వాళ్ళు రాసుకున్న పద్ధతి.

హాజరైనవాళ్ళకి రెట్టింపు చీటీలు. అన్నీ ఒకే పొడవు, ఒకే వెడల్పు. సగం మీద ఇంటూ, సగం మీద సున్నా. చుట్టి ఇంటూలు ఒక కుప్ప, సున్నాలు ఒక కుప్పగా పెడతారు. ఒక్కొక్కరూ వచ్చి కుప్పకొకటి తీసుకుని, ఎవరికీ కనపడకుండా ఇష్టమైనది పాత్రలో, రెండోది పెట్టెలో వేస్తారు. పాత్రలోని ఇంటూలు అందరి ముందూ లెక్కపెడతారు. మూడింట రెండు వంతులుంటేనే కొత్తవాడికి చోటు.

పొడవూ వెడల్పూ ఒకటే ఉండాలన్న పట్టింపు చాదస్తం అనుకున్నాను. మర్నాడు ఆ పిల్లలతోనే చేయించి చూశాను. చీటీలు చుట్టడానికి బద్ధకించి, అవునుకి గవ్వ, కాదుకి చింతపిక్క అన్నాం. ఇత్తడి చెంబులో గవ్వ పడితే ఖంగుమంటుంది, పిక్క పడితే టక్కుమంటుంది. మూడో ఓటుకే గదంతా గొల్లుమంది. గుప్పిట దాచినదాన్ని చెంబు బయటపెట్టేసింది! బుద్ధిగా చీటీలకే వచ్చాం.

మరి రెట్టింపు ఎందుకు? నాకు తోచినంతలో అసలు తెలివి ఇక్కడుంది. మేం 24 మందిమి. చెంబులో 24, పెట్టెలో 24 ఉండాలి. చెంబులో ఇంటూలు 17 అయితే పెట్టెలో 7 ఉండి తీరాలి. సున్నాలు దానికి తలకిందులు, చెంబులో 7, పెట్టెలో 17. ఒకడు రెండూ చెంబులోనే కుక్కాడా, చెంబు 25 అవుతుంది. జేబులోంచి దొంగచీటీ తెచ్చాడా, మొత్తం 49. ఒకే కుప్పలోంచి రెండు తీశాడా, వరసలో చివరివాడు దొరకబుచ్చుకుంటాడు. మా దగ్గర సరిగ్గా అదే జరిగింది: "మాస్టారూ, నాకు ఇంటూ లేదండీ!" మళ్ళీ మొదటినుంచి. ఓటు ఎవరిదో తెలియదు, తప్పు జరిగిందని మాత్రం తెలుస్తుంది. రసాయన సమీకరణం తూకం వేయడం కంటే ఇది నేర్పడం తేలిక.

రాయల్ సొసైటీ లాటిన్ నినాదం 'నుల్లియస్ ఇన్ వెర్బా': ఎవరో చెప్పారని నమ్మేయొద్దు. అరసవల్లిలో ఏడాదికి రెండుసార్లు సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకితే మనం దండం పెట్టి వచ్చేస్తాం. మార్చి 10కీ అక్టోబరు 2కీ ఆకాశంలో సూర్యుడి దారి దాదాపు ఒకటే కదా అని లెక్క చూసే పిల్ల ఒకతి కావాలి. దండం పెట్టుకున్నాకే చూడొచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

అయితే చీటీలు అన్నిటినీ బాగుచేయలేదు. సంఘంలో 55 మందికి మించకూడదన్నారు, బ్యారన్ బిరుదున్న ప్రభువులకీ ఆ పై హోదావాళ్ళకీ మాత్రం ఆ లెక్క వర్తించదన్నారు. సన్నదు ప్రకారం 21 మంది కౌన్సిల్; ఏటా నవంబరు 30న పదిమంది దిగి కొత్త పదిమంది ఎక్కాలి. ప్రెసిడెంటుకీ ఏటా ఎన్నికే. అయినా బ్రౌంకర్ ప్రభువు 1662 నుంచి 1677 దాకా కుర్చీ దిగలేదు. ఆడవాళ్ళకి సభ్యత్వం దొరికింది 1945లో. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి నోటితోనే తీసివేసి, "రెండొందల ఎనభై అయిదేళ్ళేటి!" అంది.

ఇక చందా. మా క్లబ్బులో వారానికో రూపాయి అనుకున్నాం, మూడో వారానికి నలుగురే ఇచ్చారు. అక్కడా బకాయిల గోలే. ఉన్న డబ్బు 1686లో ఒక చేపల పుస్తకం అచ్చు వేయడానికి పోసేశారు, అది అమ్ముడుపోలేదు. దాంతో న్యూటన్ 'ప్రిన్సిపియా'ని 1687లో ఖగోళ శాస్త్రవేత్త హాలీ సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. సంఘంలో గుమాస్తాగా హాలీకి రావలసిన జీతం కిందేమో, మిగిలిపోయిన ఆ చేపల పుస్తకాలే ఇచ్చారు.