తాటిచెట్టు మీద తెల్లవారుజాము చంద్రుడు

కంటికి పళ్లెమంత కనిపించిన పౌర్ణమి చంద్రుడు ఫోటోలో చుక్కలా ఎందుకు పడతాడని ఒక పాఠకుడి ప్రశ్న. ఆ పళ్లెం కన్ను చేసే మాయ. చేయి చాచి కందిగింజ పట్టుకోండి, చంద్రుడు దాని వెనక దాక్కుంటాడు. నడినెత్తినున్నా, దిగంతం మీదున్నా కంటి దగ్గర అతని వెడల్పు చేసే కోణం అరడిగ్రీయే.

ఏ వస్తువైనా అరడిగ్రీగా కనిపించిందంటే, అది తన వెడల్పుకు 110 రెట్ల దూరంలో ఉన్నట్టు. ఫోకల్ లెంగ్తును (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకె) 110తో భాగిస్తే సెన్సారు మీద, అంటే కెమెరాలో బొమ్మ పడే పలక మీద, చంద్రుడెంతో తెలుస్తుంది: 50 మి.మీ. లెన్సుకు అర మిల్లీమీటరు లోపే, 400కి 3.6. తాటిచెట్టు ఆకుల తల వెడల్పు 4 మీటర్లనుకుంటే 440 మీటర్ల దూరం నుంచి తలా చంద్రుడూ సమానం. 110 మీటర్లకే నిలబడితే చంద్రుడు తలలో నాలుగోవంతు. 880కి వెళ్తే తలే చంద్రుడిలో సగం. జూమ్ చేస్తే రెండూ కలిసే పెరుగుతాయి. నిష్పత్తి మార్చేది లెన్సు కాదు, కాళ్లు. ఒక్కో పక్క 20 మీటర్ల వెడల్పున్న చార్మినార్‌కైతే 2.2 కిలోమీటర్లు వెనక్కి నడవాలి.

పంచాంగంలో అందరూ రాహుకాలం వెతుకుతారు. తెల్లవారుజామున చంద్రుడు చెట్టు మీదికి దిగే రోజు తెలియాలంటే మనకు కావలసింది పౌర్ణమి తిథి ముగిసే సమయం. సూర్యచంద్రులు సరిగ్గా ఎదురెదురుగా ఉండేది అప్పుడే. అది సూర్యోదయం దరిదాపుల్లో పడిన రోజు మేలు: సూర్యుడు దిగంతానికి 2 డిగ్రీల కింద ఉంటే చంద్రుడు దాదాపు 2 డిగ్రీల పైన ఉంటాడు. 15 మీటర్ల తాటిచెట్టు కొన 440 మీటర్ల నుంచి కనిపించే ఎత్తూ అంతే! సూర్యోదయానికి 8, 9 నిమిషాల ముందన్నమాట. తిథి ఆ సాయంత్రం ముగిసేదైతే తెల్లారకముందే అస్తమిస్తాడు, నేలంతా చీకటి. ముందురోజు సాయంత్రమే ముగిస్తే సూర్యోదయానికింకా 6 డిగ్రీల పైన, వెలవెలబోతూ ఉంటాడు. చంద్రకక్ష్య వాలు వల్ల కొన్ని నిమిషాల తేడా వస్తుంది. మార్గశిరంలో పడమటికి వాయవ్యం వైపు, జ్యేష్ఠంలో నైరుతి వైపు దిగుతాడు. చెట్టుకు ఎదురు దిక్కున నిలబడాలి.

చంద్రుడి నేల తారురోడ్డంత నల్లనిదే, కానీ మీద పడేది పట్టపగటి ఎండ. ఆటో మోడ్‌లో కెమెరా చీకటి నేలను చూసి వెలుగు పెంచేస్తుంది, చంద్రుడు తెల్ల బిళ్లవుతాడు. ఆకాశంలో పైనున్నప్పుడు లెన్సు రంధ్రం ఎఫ్/11, సెన్సారు సున్నితత్వం ఐఎస్ఓ 100, షట్టరు తెరిచి ఉండే సమయం సెకనులో నూరోవంతు చాలు. దిగంతం దగ్గర గాలి, దుమ్ము కాంతిని మింగేస్తాయి కాబట్టి స్పాట్ మీటరింగు (ఒక్క చుక్క వెలుగునే కొలిచే పద్ధతి) చంద్రుడి మీదే పెట్టి, ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు, పెంచి, కెమెరా మార్పులు చేయని రా ఫైలుగా తీయాలి. 400 మి.మీ. దగ్గర షట్టరు పావు సెకను దాటితే అంచులు చెదురుతాయి. ఐఎస్ఓ 800కి వెళ్లినా నష్టం లేదు. ఫోకస్ చెట్టు మీద. ఎఫ్/11 దగ్గర చంద్రుడూ దాదాపు పదునుగానే వస్తాడు.

ట్రైపాడ్ బిగించి నిశ్చింతగా ఉండకండి. రెండు నిమిషాల్లో తన వెడల్పంత జారతాడు, అదీ కాస్త కుడికి వాలి. చెట్టు తల మీదే నిలవాలంటే ప్రతి రెండు నిమిషాలకూ మీరు మీటరు పైచిలుకు ఎడమకు జరగాలి, అతను దిగుతున్నకొద్దీ వెనక్కి నడవాలి. వెనక బోదెకాలువ ఉందేమో ముందురోజే చూసుకోండి.