టన్ను రాయిలో అరకాసు: బంగారు గని శాంపిళ్ళపై అపోహలు – వాస్తవాలు

బంగారు గని అనగానే మనవాళ్ళకు కోలారే గుర్తొస్తుంది. అది 2001లోనే మూతపడింది. రాయచూరు జిల్లాలోని హట్టి మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ కంపెనీ 1947లో పుట్టినప్పుడు దాని పేరు హైదరాబాద్ గోల్డ్ మైన్స్ అని చెబితే చాలామంది నమ్మరు. నేను చేసేది అలాంటి అండర్‌గ్రౌండ్ గనుల్లో గ్రేడ్ కంట్రోల్. ఏ రాయి బంగారం తీసే మిల్లుకు పోవాలి, ఏది వేస్టుకు పోవాలి అని తేల్చే పని. గ్రేడంటే టన్ను రాయిలో ఎన్ని గ్రాముల బంగారం ఉందన్న లెక్క. టన్నుకు 4 గ్రాములుంటే పర్వాలేదనుకుంటాం. అంటే టన్ను రాయిలో అరకాసు, బఠాణీ గింజంత. అది కూడా ఒక్కచోట ఉండదు, కంటికి ఆనదు. అందుకే మా మాటకు శాంపిలే ఆధారం. ఆ శాంపిల్‌ను ఎంతవరకు నమ్మొచ్చో చూసుకునే పని గురించి మా పక్క సెక్షన్ల వాళ్ళే అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ల్యాబ్ రిపోర్టు వచ్చేసిందిగా, ఇంకేం చూస్తారు?

వాస్తవం: ల్యాబ్ తన చేతికొచ్చిన పొడిని కొలుస్తుంది. ఆ పొడి మా ఫేస్‌ను, అంటే సొరంగం చివర మేం తవ్వుతున్న రాతి గోడను, చెబుతోందా లేదా అన్నది దానికి తెలియదు. ఫేస్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. బ్లాస్ట్ అయ్యాక లూజు రాళ్ళు దించి, నీళ్ళు కొట్టి ఫేస్ కడగాలి. ఛాతీ ఎత్తులో పెయింటుతో ఆ చివరి నుంచి ఈ చివరికి గీత గీయాలి. తెల్లరాయి వేరు, పక్క గోడ రాయి వేరు, రెండూ ఒకే సంచిలో పడకూడదు. ఆ గీత వెంట నాలుగు వేళ్ళ వెడల్పున, ఒకే లోతున గాడి కొట్టాలి. చెప్పడం తేలిక. పొరలుపొరలుగా ఉండే షిస్టు రాయి రెండు దెబ్బలకే గుప్పెడు రాలుతుంది. క్వార్ట్జ్, అంటే ఆ తెల్లరాయి, పది దెబ్బలకు ఒక పెచ్చు ఇస్తుంది. షిఫ్టు చివర, చెమటలు కారుతున్నప్పుడు, సుత్తి తనంతట తానే మెత్తని వైపు పోతుంది. బంగారం గట్టి రాయిలో ఉంటే గ్రేడు తక్కువగా, మెత్తని రాయిలో ఉంటే ఎక్కువగా వస్తుంది. రెండు మూడు కిలోల ఆ సంచిలోంచి చివరికి ల్యాబ్ కొలిమిలోకి పోయేది 30 గ్రాములో 50 గ్రాములో. సంచిలో తప్పు పడితే కొలిమి దాన్ని సరిచేయదు.

అపోహ: ఒకే శాంపిల్‌కు రెండు రిజల్టులొస్తే ఎవరో తప్పు చేసినట్టే.

వాస్తవం: బంగారం విషయంలో కానేకాదు. చిన్న లెక్క వేద్దాం. 0.2 మిల్లీమీటర్ల బంగారు రేణువు గుండ్రంగా ఉందనుకుంటే దాని బరువు సుమారు 80 మైక్రోగ్రాములు. 30 గ్రాముల పొట్లంలో ఆ ఒక్క రేణువు పడితే రిజల్టు టన్నుకు 2.7 గ్రాములు పెరుగుతుంది. పక్క పొట్లంలో పడకపోతే అక్కడ పెరగదు. మిల్లుకా, వేస్టుకా అన్న నిర్ణయం ఆ రేణువు ఎటు పడిందన్న దాని మీద ఆధారపడుతుంది! ఫ్రెంచి ఇంజనీరు పియర్ జీ ఈ తేడాను సూత్రంగా కట్టాడు. ముక్కల సైజు రెట్టింపైతే, అదే నమ్మకం కోసం ఎనిమిది రెట్లు బరువైన శాంపిల్ కావాలి. అందుకే ముందు నలగ్గొట్టి, తర్వాతే పంచుకోవాలి. పెద్ద రాళ్ళున్నప్పుడే సగం చేసి పారేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తేడా వచ్చిందంటే అది ఎక్కడ పుట్టిందో డూప్లికేట్లే, అంటే ఒకే ఫేస్ నుంచో ఒకే పొడి నుంచో తీసిన జంట శాంపిళ్ళే, చెబుతాయి. పొడి డూప్లికేట్లు కలిసి, ఫేస్ డూప్లికేట్లు కలవకపోతే కారణం రాయి స్వభావమో మా సుత్తో. పొడివే కలవకపోతే మెత్తగా ఆడకపోయి ఉండాలి, లేదా రేణువులు పెద్దవై ఉండాలి.

అపోహ: శాంపిళ్ళు ఎక్కువ తీస్తే తప్పులు సర్దుకుంటాయి.

వాస్తవం: అటూ ఇటూ ఊగే తప్పు సర్దుకుంటుంది, ఒకవైపే లాగే తప్పు సర్దుకోదు. కొట్టువాడి కిలో రాయి యాభై గ్రాములు తక్కువుంటే, వందసార్లు తూచినా సరుకు తక్కువే వస్తుంది. దీన్ని పట్టుకోవడానికే విలువ ముందే తెలిసిన స్టాండర్డ్ పొడిని శాంపిళ్ళ మధ్య కలిపి పంపుతాం. అది హద్దు దాటితే ఆ బ్యాచ్ మళ్ళీ చేయిస్తాం. హద్దులోనే ఉన్నా, వరసగా పది స్టాండర్డ్లు కిందివైపే వస్తుంటే నేను అప్పుడే ఫోన్ అందుకుంటాను.

అపోహ: బ్లాంకులు ల్యాబ్ వాళ్ళను పట్టుకోవడానికే.

వాస్తవం: నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నూరినా బంగారం పిండి కాదు, రేకులా సాగి ల్యాబ్‌లో నూరే గిన్నెకు అంటుకుంటుంది. తర్వాతి శాంపిల్‌లో కలుస్తుంది. అందుకే మంచి గ్రేడు ఉంటుందనుకున్న శాంపిల్ వెనకే బంగారం లేని రాయిని బ్లాంకుగా పెడతాం. ఒకసారి 42వ నంబరు బ్లాంకుకు 5.8 గ్రాములొచ్చింది. ల్యాబ్‌కు ఘాటుగా ఉత్తరం రాసి పంపేశాను. ఆ తర్వాత చూస్తే 43 దగ్గర స్టాండర్డ్ ఉండాల్సింది, సున్నా ఉంది. 44 గోడ రాయి, దానికి అచ్చం స్టాండర్డ్ విలువ! అన్నీ ఒక్క మెట్టు జరిగాయి. కింద మా హెల్పర్ తడిసి చిరిగిన 38వ టికెట్ పారేసి తర్వాతిది వేశాడు, నేను పుస్తకంలో రాసుకోలేదు. ‘38వ సంచి రాలేదు’ అని ల్యాబ్ వాళ్ళు రిపోర్టు అడుగున రాసే ఉంచారు. చదవనిది నేనే. క్షమాపణ ఉత్తరం మొదటిదానికంటే చాలా చిన్నది.

అపోహ: నమ్మబుద్ధికాని పెద్ద అంకెను తీసేయాలి.

వాస్తవం: తీయకూడదు. మళ్ళీ చేయించి, రెండు అంకెలూ ఉంచాలి. లెక్కల్లో పెద్ద అంకెను ఒక హద్దుకు కత్తిరించడం వేరే పని, దాన్ని అసలు డేటా మీద చేయరు.

అపోహ: నెలాఖరున మిల్లు లెక్కతో సరిపోతే శాంపిళ్ళు సరైనట్టే.

వాస్తవం: గ్రేడు ఎక్కువ చూపించి, టన్నులు తక్కువ కొలిస్తే రెండు తప్పులూ కలిసి లెక్క చక్కగా కుదురుతుంది. పైగా నెలాఖరుకు ఆ ఫేస్ ఎక్కడుంటుంది? మరుసటి బ్లాస్టుకే పోతుంది. తిరిగి కొట్టడానికి గోడ ఉండదు. 1997లో ఇండోనేషియాలోని బుసాంగ్‌లో లేని బంగారాన్ని ఉన్నట్టు చూపిన మోసం బయటపడినప్పుడు కూడా, సగం దాచాల్సిన డ్రిల్ కోర్‌ను, అంటే డ్రిల్లుతో తీసిన రాతి కడ్డీని, మొత్తం నలగ్గొట్టేశారని తేలింది. కొత్తగా డ్రిల్ చేసి చూస్తేగాని అక్కడ బంగారం లేదని తేలలేదు.

మోసం సంగతి అలా ఉంచితే, మామూలు పొరపాటుకైనా వెనక్కి వెళ్ళి చూసే దారి ఉండాలి. అందుకే ప్రతి ఫేస్‌కూ నంబరు పలకతో ఫోటో తీస్తాను, మిగిలిన రాయిని సంచుల్లోనే ఉంచుతాను. షెడ్డులో చోటు లేదు, పారేయండని స్టోర్స్ వాళ్ళు వారం వారం గోల పెడతారు. ఆ సంచులు వచ్చిన స్టోపు, అంటే గనిలో రాయి తవ్వే చోటు, అక్కడి రాయి మొత్తం మిల్లులో పడ్డాక రమ్మంటాను.