గుయాష్ చేదెక్కితే తప్పు మాంసానిది కాదు

పోయిన ఆదివారం హంగరీలోని డెబ్రెట్సెన్‌లో మెడిసిన్ చదివే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, కిలో మాంసం తెచ్చి రెండు గంటలు ఉడికించాను. నోట్లో పెట్టుకుంటే చేదు. మాంసం పాడైందంటావా? పప్రికాలో ఏదన్నా కలిపారంటావా?" ఏడుపు ఒక్కటే తక్కువ పాపం. స్టైపెండ్ మీద బతికే పిల్లాడికి కిలో మాంసం చిన్న ఖర్చు కాదు. బుడాపెస్ట్‌లో పదకొండేళ్లుగా గుయాష్, అంటే పప్రికా అనే ఎర్ర మిరపపొడి వేసి చేసే హంగరీ మాంసం పులుసు, వండుతున్నాను. మనవాళ్ల నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అడిగే తీరు వేరు గానీ జరిగే పొరపాటు ఒక్కటే.

అపోహ: పప్రికా కూడా కారమే కదా, పచ్చివాసన పోయేదాకా నూనెలో వేయించాలి.

కొంప ముంచేది ఇదే. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక కారం వేసి, నూనె పైకి తేలేదాకా వేయించడం మన చేతికి పుట్టుకతో వచ్చినంత అలవాటు. మాది గుంటూరు జిల్లా, నాకూ అదే అలవాటు. కానీ ఇక్కడి సెగెడ్, కలోచా ఊళ్ల చుట్టుపక్కల పండే తీపి పప్రికా వేరు. దానిలో ఘాటు దాదాపు ఉండదు, చక్కెర ఎక్కువ. కాగిన నూనెలో పడితే ఆ చక్కెర క్షణాల్లో మాడిపోతుంది. మాడితే చేదు. ఆ చేదుకి విరుగుడు లేదు. బంగాళదుంప వేస్తే లాగేస్తుందని, కాస్త పంచదార వేస్తే విరిగిపోతుందని చెప్పేవాళ్ల మాట దయచేసి వినకండి. దాంతో దుంపలు కూడా దండగవుతాయి.

నేను ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలంలో, పని నేర్చుకున్న వంటశాలలో ఇలాగే వేయించాను. అక్కడి పెద్ద వంటామె నన్ను తిట్టలేదు. తెల్లటి పళ్లెం తెచ్చి నా గిన్నెలోని కొవ్వు ఒక చుక్క, తన గిన్నెలోది ఒక చుక్క పక్కపక్కన వేసింది. ఆమెది పండు మిరపకాయ ఎరుపు. నాది ఇటుక పొడి తడిసినట్టు గోధుమ రంగు. రెండూ నాకించింది. ఆ తర్వాత నా గిన్నె తీసుకెళ్లి పారబోసింది. అప్పటికి నేనింకా మాంసం వేయలేదు కాబట్టి పోయింది ఉల్లిపాయలే. అందుకే అందరికీ చెబుతాను, మాంసం వేసేముందు ఒక చుక్క తెల్ల పళ్లెంలో వేసి చూసుకోండి. గోధుమ రంగులో ఉంటే అక్కడే ఆపేసి మళ్లీ మొదలుపెట్టండి.

పద్ధతి ఇదీ. కిలో మాంసానికి మూడు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి, పంది కొవ్వులో గానీ పొద్దుతిరుగుడు నూనెలో గానీ సన్నసెగ మీద మగ్గించాలి. ఎర్రబడకూడదు, అద్దంలా మెరవాలి. అప్పుడు స్టవ్ ఆపేసి గిన్నె దించండి. చిటపటలు ఆగాక రెండు మూడు పెద్ద చెంచాల పప్రికా వేసి కలపండి. దాని రంగు కొవ్వులోనే కరుగుతుంది, కాబట్టి ఆ వేడి చాలు. పది లెక్కపెట్టేలోపు మాంసం వేసి, అర గ్లాసు నీళ్లు పోసి, అప్పుడు మళ్లీ స్టవ్ మీద పెట్టండి.

ఇక కల్తీ సంగతి. 1994లో ఈ దేశంలో పప్రికాలో ఎర్ర సీసం పొడి కలిపి అమ్మిన మాట నిజం. జనం జబ్బుపడ్డారు, అరెస్టులు జరిగాయి. ఆ కథ పట్టుకుని ఇవాళ్టి మీ చేదుకి ముడిపెట్టి టెన్షన్ పడకండి. మీ ప్యాకెట్ మీద 'ఎడెష్‌నెమెష్' అని ఉంటే అది తీపి రకం, 'చీపోష్' అంటే ఘాటు రకం. వెలుతురు తగలకుండా దాచి, ఏడాదిలోపు వాడేయండి. ఊళ్లో ఉండి పప్రికా దొరకనివాళ్లు బ్యాడిగి మిరపకాయలు గింజలు, ఈనెలు తీసేసి పొడి కొట్టుకోండి. అచ్చంగా అదే రుచి రాదు గానీ గుంటూరు కారంతో చేసినదానికంటే ఎంతో నయం.

అపోహ: గౌలాష్ (గుయాష్‌కి ఇంగ్లీషు పేరు) అంటే చిక్కటి మాంసం కూర.

ఆ చిక్కటి కూర పేరు పొర్కోల్ట్. హంగరీలో గుయాష్ అంటే గరిటెతో పోసుకునే పులుసు లాంటి సూప్. 'గుయా' అంటే పశువుల మంద, 'గుయాష్' అంటే ఆ మందను కాసేవాడు. మైదానాల్లో కాపరులు మంట మీద వేలాడదీసిన 'బోగ్రాచ్' అనే గిన్నెలో వండుకున్న తిండి ఇది. మైదా వేసి చిక్కబరచరు. పుల్లటి మీగడ వేసేది 'పప్రికాష్' అనే ఇంకో వంటకంలో. పులుసుకి ఒళ్లు వచ్చేది ఉల్లిపాయల వల్ల, పిక్క మాంసంలోని జిగురు వల్ల. అందుకే మెత్తటి ముక్క కొనకండి, పిక్క భాగమే అడగండి.

జీలకర్ర వేయొచ్చా అంటారు. వద్దు. ఇక్కడ వేసేది 'కోమేన్', మన షాజీరాకి దగ్గర. ఒక్క చెంచా చాలు.

కుక్కర్‌లో పెడితే అసలు గుయాష్ కాదట! ఇక్కడి ఇళ్లలో కుక్కర్ ఉంది, దాన్ని 'కుక్తా' అంటారు, శుభ్రంగా వాడతారు. మాంసం ఉడికాక మూత తీసి దుంపలు, క్యారెట్ వేయండి, అంతే.

గొడ్డు మాంసం తినని వాళ్లు మానుకోనక్కర్లేదు. గొర్రె మాంసంతో 'బిర్కగుయాష్' ఉంది, చిక్కుడు గింజలతో 'బాబ్‌గుయాష్' ఉంది. మాంసమే లేకుండా దుంపలతో చేసేదాన్ని 'హమిష్‌గుయాష్' అంటారు, ఉత్తుత్తి గుయాష్ అని. ఇవన్నీ ఇక్కడి ఇళ్లలో వండుకునేవే.

కారం చాలలేదంటే వంటలో కలపకండి. 'ఎరోష్ పిష్తా' అనే మిరపకాయ ముద్ద సీసా బల్లమీద పెట్టుకుని, ఎవరి గిన్నెలో వాళ్లు వేసుకోవడమే పద్ధతి.

ఆ కుర్రాడు మొన్న బుధవారం మళ్లీ వండాడు, ఈసారి వీడియో కాల్‌లో. స్టవ్ ఆపించాను, పళ్లెంలో చుక్క వేయించాను. ఎర్రగా ఉంది. చివర్లో గుడ్డు, మైదా కలిపిన గట్టి పిండిని గోటితో గిల్లి మరిగే పులుసులో వేయాలి, 'చిపెట్కే' అంటారు. ముక్కలు ఎంత ఉండాలని అడిగాడు. గోరంత ఉంటే చాలు, ఉడికేసరికి ఉబ్బుతాయి.