మీడియం మారిస్తే మళ్లీ మొదటికొస్తామా? బొమ్మలేసే పనిలో అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో సైన్‌బోర్డులు రాస్తూ ఈ పనిలోకి వచ్చాను. ఫ్లెక్సీలొచ్చి ఆ పని తగ్గిపోయాక శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ నేర్చుకున్నాను. తర్వాత అక్రిలిక్ రంగులు, ఇప్పుడు టాబ్లెట్ మీద బొమ్మలు. ఇన్నేళ్లలో ఎక్కువగా విన్న మాటలివి.

అపోహ: మీడియం, అంటే బొమ్మకి వాడే రంగు, పనిముట్టు మారిస్తే నేర్చుకున్నదంతా వృథా.

వాస్తవం: చెయ్యి దేన్నీ మర్చిపోదు. బోర్డు మీద 'ళ', 'క్ష' ఒక్క ఊపులో తిప్పిన మణికట్టుకి కలంకారీ లతలు, కళ్లు తొందరగానే పట్టుబడ్డాయి. మన అక్షరాలన్నీ గుండ్రమే కదా. మార్చుకోవాల్సింది తప్పు దిద్దుకునే అలవాటు. బోర్డు మీద ఎనామిల్ పెయింట్ గీత వంకరపోతే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసేవాణ్ణి. కలంకారీలో వాడే నల్ల సిరా, కసిమి, చుక్క పడితే ఇక పోదు. నా మొదటి గుడ్డ మీద సీతమ్మ చెంప పక్కనే పడింది. పది రోజుల పని. ఆ గుడ్డ ఇంకా దాచుకున్నాను.

అపోహ: గుడ్డను పాలలో ముంచేది పవిత్రత కోసం.

వాస్తవం: భక్తి ఉంది, కాదనను. కానీ పాలు వాడేది అందులోని వెన్న కోసం. కరక్కాయ నీళ్లలో గేదెపాలు కలిపి గుడ్డను ముంచి ఆరబెడతాం. ఆ జిడ్డు లేకపోతే గీత పాకిపోతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చేది కసిమి. అందులోని ఇనుము కరక్కాయ వగరుకి తగిలితే నలుపు తేలుతుంది. ఎరుపు ఇంకా విచిత్రం. ముందు పటిక నీళ్లు పూస్తాం, అవి కంటికి సరిగ్గా ఆనవు. తర్వాత ఎర్రరంగు వేర్లు, చెక్కలు వేసి గుడ్డను ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. డబ్బా మూత తీసి రంగు చూసుకుని వేసే నాకు, కనపడని రంగును మనసులో పెట్టుకుని వేయడం రావడానికే ఏడాది పట్టింది.

అపోహ: కలంకారీ అంతా ఒకటే.

వాస్తవం: కాదు. పెడనలో చెక్క అచ్చులతో అద్దుతారు, కాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. రెండిట్లోనూ కష్టముంది. అచ్చు గుడ్డను చేతిపని అని అంటగడితేనే నాకు కోపం.

అపోహ: ఆయిల్ పెయింట్ గొప్పది, అక్రిలిక్ చవకబారుది.

వాస్తవం: తేడా ఆరడంలో ఉంది. అక్రిలిక్‌లో నీరు ఆవిరై నిమిషాల్లో ఆరుతుంది, ఆయిల్ గాలి తగిలి రోజుల తరబడి గట్టిపడుతుంది. మన మే నెల ఎండలకి అక్రిలిక్ ప్యాలెట్ మీదే బిగుసుకుపోతుంది, కింద తడిగుడ్డ పరుచుకోండి. ఆరిన అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వద్దు, పొర ఊడొస్తుంది.

అపోహ: టాబ్లెట్‌లో అంతా కంప్యూటరే గీసేస్తుంది.

వాస్తవం: కలంకారీ కలానికి చుట్టిన ఉన్నిని వేలితో ఎంత నొక్కితే అంత సిరా దిగుతుంది. టాబ్లెట్ పెన్ను కూడా నొక్కుడును బట్టే గీతను లావు చేస్తుంది. ఆ వేలి కొలత నాకు కాళహస్తిలోనే వచ్చింది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి మొదటి నెలంతా, గీసిన గీతను వెనక్కి తీసేసే అన్‌డూ బటన్ వాడనివ్వను.