సైక్లోక్రాస్‌కి కొత్త బండి కొనాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో నా సైకిల్ రిపేరు షాపుకి ఈమధ్య సైక్లోక్రాస్ (బురద, మెట్లు, అడ్డుచెక్కలు ఉన్న ట్రాక్ మీద జరిగే సైకిల్ పోటీ) వీడియోలు చూసిన కుర్రాళ్లు వస్తున్నారు. బురదలో పరుగులు, బండి భుజాన వేసుకుని మెట్లెక్కడం చూసి మనసు పారేసుకుంటారు. సంతోషమే. కానీ అందరి నోటా ఒకటే మాట: "అన్నా, ఏ బండి కొనాల?"

అపోహ: సైక్లోక్రాస్ బైక్ లేనిదే ఈ ఆటలోకి దిగలేం.

వాస్తవం: డబ్బు వదిలేది ఇక్కడే. వంపు హ్యాండిలు, 33 మిల్లీమీటర్లు మించని టైరు అనే నిబంధనలు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పోటీలకి. విదేశాల్లో కూడా కొత్తవాళ్ల క్లబ్ పోటీల్లో చాలాచోట్ల ఎంటీబీని (మౌంటెన్ బైక్‌ని) రానిస్తారు. మన దగ్గర ఈ పోటీలే అరుదు. లక్ష పోసి కొని ఏం చేస్తారు?

చిత్తూరు నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. భార్య గాజులు కుదువ పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. "ఆ బండి లేకుంటే వీడు వెనకబడిపోతాడంట కదా సార్" అన్నాడు. ఎవరో గ్రూపులో పెట్టిన మాట! ఇలాంటి మాటలు పుట్టించేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పిల్లాడి పాత ఎంటీబీనే స్టాండెక్కించాను. సాగిన చైను, అరిగిన బ్రేక్ షూలు మార్చాను. భుజానికెత్తేటప్పుడు అడ్డొచ్చే బాటిల్ స్టాండు విప్పేశాను. టైర్లలో గాలి తగ్గించాను. రాయిలా గాలి కొట్టిన టైరు బురదలో జారుతుంది, మెత్తగా ఉంటే నేలని పట్టుకుంటుంది. అలాగని మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది.

తర్వాత మామిడితోటలో రెండు కర్రలు అడ్డంగా పడేసి దిగడం నేర్పించాను. కుడికాలు సీటు వెనకనుంచి ఎడమవైపు తేవాలి, కుడిచేత్తో పై రాడ్డు పట్టుకోవాలి, ఎడమ పెడల్ వదులుతూనే పరుగందుకోవాలి. చైను కుడివైపు ఉంటుంది కాబట్టి ఎడమవైపే దిగాలి. మొదట కర్రల దగ్గర బండి ఆపేసేవాడు. చీకటి పడేలోపు ఆగకుండా దాటాడు. తండ్రి గాజులు తీసుకుని ఇంటికెళ్లాడు.

అపోహ: దిగి నడిస్తే ఓడినట్టే.

దిగక తప్పని విధంగానే ట్రాక్ వేస్తారు. 40 సెంటీమీటర్ల దాకా ఎత్తుండే అడ్డుచెక్కలు, మెట్లు, ఇసుక అందుకే.

అపోహ: శేషాచలం అడవిలో తొక్కడమే సైక్లోక్రాస్.

కాదు. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల ట్రాక్ మీద రౌండ్లు కొట్టే పోటీ ఇది. పెద్ద పోటీల్లో మగవాళ్లకి సుమారు గంట పడుతుంది. చిరుతలు తిరిగే అడవిలోకి పర్మిషన్ లేకుండా దూరకండి. చంద్రగిరి వైపు ఏదైనా తోట, యజమాని అనుమతి ఉంటే చాలు.

అపోహ: ఇది చలిదేశాల ఆట.

బెల్జియంలో సీజన్ శరదృతువు నుంచి చలికాలం దాకా. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానలు, కావాల్సినంత ఎర్రబురద.

ఇక రౌండు వెనకబడితే పరువు పోతుందని టెన్షన్ పడేవాళ్లకి: ముందున్నవాళ్లకి అడ్డు రాకుండా పెద్ద పోటీల్లో బాగా వెనకబడినవాళ్లని మధ్యలోనే ఆపేస్తారు. ఆపినా ఫలితాల్లో స్థానం ఇస్తారు.